తెల్ల పిల్లి వీపు మీద చుక్క

మొదట చెప్పింది పిల్లి.
ఎదురింటి సిర్వార్డ్ దాన్ని చంకనేసుకొచ్చి
గుమ్మంలో నిలబడి, వీపు చూపించింది.
తెల్లటి బొచ్చులో బొత్తామంత నల్ల చుక్క.
"మీ కారు కింద పడుకుంది," అంది.
ఇంకేం అనలేదు. అనకపోవడమే తిట్టు.

గ్యుమ్రీలో జనవరి.
మంచు మీద ఆయిల్ అబద్ధమాడదు.
నల్లరాతి గోడ పక్కన మా ఒపెల్,
పంతొమ్మిదేళ్ళది, డిక్కీలో గ్యాస్ సిలిండర్,
వెనక సీటు పగుళ్ళలో
పోయిన వేసవి ఆప్రికాట్ గింజలు.

వార్ద్‌గెస్ వంగి చూశాడు. లేచాడు.
ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య అతుకులోంచి చుక్క.
"క్రాంక్ వెనక సీల్," అన్నాడు
పెద్ద జబ్బు పేరు చెప్పే డాక్టరు గొంతుతో.
"గేర్‌బాక్స్ దించాలి. ఆ డబ్బుతో
ఇంకో ముసలి కారే వస్తుంది."
ఆ రాత్రి కరెంటు బిల్లు వెనక
అమ్మకం ప్రకటన కూడా రాసుకున్నాడు.
అందులో ఆయిల్ సంగతి లేదు.

బేకరీలో ఇరవై రెండేళ్ళుగా పిండి తూస్తున్నాను.
నాకు కారు తెలీదు.
పొడి మీద తడి ఎలా నడుస్తుందో తెలుసు.

ఆదివారం కిరసనాయిలూ పాత పళ్ళబ్రష్షూ తీసుకుని
ఇంజిన్‌కి తలంటు పోశాను.
ఏ దారుల దుమ్మో, ఎన్నేళ్ళ మడ్డో,
పొరలు పొరలుగా ఊడొచ్చింది.
తుడిచి, ఆరనిచ్చి
మనవరాలి పౌడర్ డబ్బా సగం గుమ్మరించాను.
ఆ ఇంజిన్ తొలిసారి పసిబిడ్డ వాసనేసింది.
వార్ద్‌గెస్ కిటికీలోంచి చూసి
పరదా లాగేశాడు.

ఆర్తిక్ దాకా నడిపి, వెనక్కి తెచ్చి
బానెట్ ఎత్తి టార్చ్ పట్టాను.

కారినచోట వెతక్కూడదు.
తడిసినవాటిలో అన్నిటికన్నా పైచోటు వెతకాలి.
బరువు కిందికి లాగుతుంది, గాలి వెనక్కి తోస్తుంది,
పుట్టేదొక చోట, పట్టుబడేదొక చోట.
తెల్లపొడిలో సన్నటి గోధుమరంగు దారి.
దాని వెంట వేలితో ఎదురు నడిచాను:
అతుకు నుంచి, గేర్‌బాక్స్ భుజం మీదుగా,
వేడి పైపు పక్కనుంచి, పైకి, ఇంకా పైకి
వాల్వ్ కవర్ వెనక మూలకి.
అక్కడ చీమ తలంత మెరుపు.

"సీల్ కాదు," అన్నాను. "పైన గాస్కెట్.
నాలుగు రోజుల రొట్టె ఖరీదు."
నా మొహం చూళ్ళేదు. టార్చ్ తీసుకుని
ఆ మూలనే చాలాసేపు చూశాడు.

పాత గాస్కెట్ ఊడదీస్తే
ఎండిన లావాష్ అంచులా పటుక్కున విరిగింది.
లోహం గీరుకోకుండా ప్లాస్టిక్ ముక్కతో గీకాం.
బోల్టులు మధ్య నుంచి అంచులకి, కొంచెం కొంచెంగా.
"ఇంకా బిగించు," అన్నాను.
"బిగిస్తే పిండుకుపోయి బయటికొస్తుంది," అన్నాడు.
అది నిజమే.

ఇల్లలకగానే పండగ కాదు.
తొమ్మిదో రోజు, అట్టముక్క మీద మళ్ళీ ఒకటి.
ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. సూప్ చల్లారింది.

బస్సు డిపోలో చేసి మానేసిన మిహ్రాన్ వచ్చాడు.
ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీసి
అరచెయ్యి అడ్డం పెట్టాడు.
లోపల్నుంచి ఎవరో నెట్టినట్టు చెయ్యి లేచింది.
"దీనికి ఊపిరాడట్లేదు.
ఆవిరి పోయే గొట్టం పూడిపోయింది.
దారిలేని గాలి సందు వెతుక్కుంటుంది,
మీరేమో సందులు కుడుతున్నారు."

బొటనవేలంత గొట్టం. లోపల మాడిన పాకం.
తీగతో పొడిచి, కిరసనాయిల్లో రాత్రంతా నానేసి, కడిగి,
పొద్దున్నే వార్ద్‌గెస్ దాన్ని నోటికి పెట్టుకుని ఊదాడు.
అవతలి కొస నుంచి ఆ గాలి
నా చెంపకి తగిలింది.
అతని మూతి చుట్టూ నల్ల వలయం.
నవ్వాను. ఎందుకో తెలిశాక అతనూ.

అమ్మకం కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.
దాని మీద ఇప్పుడు లెక్కలు రాస్తున్నాం:
తేదీ, కిలోమీటర్లు, కడ్డీ మీద ఆయిల్ గీత.

ఫిబ్రవరి నెలాఖరు. అట్టముక్క లాగుతున్నాను.
మంచునీళ్ళ మరక. ఒక ఎండుటాకు.
దాని మీద, ఇంజిన్ వెచ్చదనం కింద ముడుచుకుని
సిర్వార్డ్ పిల్లి.
వీపు మీద పాత చుక్క ఇంకా పోలేదు.
కొత్తది లేదు.
ఒక కన్ను తెరిచి చూసింది.
అట్టని పిల్లితో సహా
మెల్లగా మళ్ళీ కిందకి తోశాను.